నీలం టోపీ పోలీసమ్మ

ఆమె పోయిందన్న మాట నాకు మొదట చెప్పింది మా అక్క. పొద్దున్నే వాకిలి ఊడ్చి, స్నానం చేసి, దేవుడి దగ్గర దీపం పెడుతున్నాను. అక్క వచ్చి వెనకాల నిలబడింది. వత్తి అంటుకున్నాక, "పోలీసమ్మ పోయిందే," అన్నది. "కరీంనగర్ దవాఖానల. తెల్లారంగ."

ఏడుపు రాలేదు. దేవుడు క్షమించాలి, ముందు నవ్వొచ్చింది. ఎందుకంటే అక్క కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "స్వర్గంల గూడ ఊకుంటదా? గీ దిక్కు దేవతల ఇంట్ల ఒగ చాయ్, గా దిక్కు రాక్షసుల ఇంట్ల ఒగ చాయ్ తాగుతుంటది," అన్నది.

ఆమెను ఎరిగినవాళ్లకు ఆ మాట చాలు. ఎరగనివాళ్ల కోసం చెబుతాను.

వేములవాడకు దగ్గర్లో, సాంచాల చప్పుడు ఆగని ఊరు మాది. మరమగ్గాలను మేం సాంచాలంటాం. ఊళ్లో మా నేతవాళ్ల ఇళ్లు రెండు వాడలుగా ఉన్నాయి, పై వాడ, కింది వాడ. రెండూ కలిసే మలుపులో ఒక చిన్న ఇల్లు. దాని ముందు తలుపు పై వాడలోకి, వెనక తలుపు కింది వాడలోకి తెరుచుకుంటుంది. ఎవరూ కొనక చాలా కాలం పడి ఉంది ఆ ఇల్లు. రెండు దిక్కులా తలుపులుంటే ఇంట్లో సొమ్ము నిలవదని అనేవాళ్లు. ఆమె మాత్రం కోరి కొనుక్కుంది. కేంద్రం పోలీసులో పనిచేసి రిటైరై, ముసలి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. చివరి రోజులు వేములవాడ రాజన్న సన్నిధి దగ్గర గడపాలని ఆ తల్లి కోరిక. అది తీరి ఆ తల్లి పోయాక కూడా ఈమె ఇక్కడే ఉండిపోయింది. పోలీసమ్మ పుట్టింది బెల్లంపల్లిలో, బొగ్గుబాయిలో దిగే మనిషి కూతురుగా. చిన్న వయసులోనే పోలీసులో చేరింది. మధ్యలో కొంతకాలం ఆఫ్రికాలో ఒక దేశంలో ఉంది. అక్కడ యుద్ధం అప్పుడప్పుడే ఆగిందట. మళ్లీ రాజుకోకుండా చూడడానికి అన్ని దేశాలూ కలిసి పంపిన శాంతి దళంలో, మన ఆడ పోలీసుల జట్టుతో ఈమె కూడా వెళ్లింది. నాకు తెలిసిన జీవితచరిత్ర ఇంతే. మిగతాది ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

పేరు కూడా రాయడం లేదు. పేరు చెప్పడం ఆమెకే ఇష్టం ఉండేది కాదు. కొత్తగా వచ్చినప్పుడు మా అత్తమ్మ అడిగితే, "పోలీసమ్మ అనుండ్రి, సాలు," అన్నది. తర్వాతెప్పుడో నాతో విడమరిచి చెప్పింది: "పేరు జెప్తె ఇంటిపేరు అడుగుతరు. ఇంటిపేరు జెప్తె ఎవలోళ్లని అడుగుతరు. ఎవలోళ్లమో తెల్సినంక ఇగ మన మాట ఎవలింటరు పిల్లా?"

నాకు పెళ్లీడు బిడ్డ ఉన్నా సరే ఆమెకు నేను పిల్లనే.

ఆ శాంతి దళంలో ఇచ్చిన నీలం టోపీ ఒకటుండేది ఆమె దగ్గర. ఎండలో బయటికి పోతే పెట్టుకునేది. చీర మీద టోపీ. మొదట అందరూ ఎరువుల కంపెనీవాళ్లు పంచిన టోపీ అనుకున్నారు. రేషన్ దుకాణం వరసలో పక్కనున్న ఎల్లవ్వ ఉండబట్టలేక అడిగేసింది.

"గా టోపి మాకు గూడ ఒగటి ఇప్పియ్యరాదు?"

"ఇప్పిస్త. కని పరదేశం పోయి ఎర్రటి ఎండల నిలబడాలె."

"ఎండల నిలబడుడే అయితే, పొద్దటిసంది గీడనే నిలబడ్డం గద! గిక్కడ్నే ఇయ్యిమను."

పోలీసమ్మ పడీ పడీ నవ్వి, తన టోపీ తీసి ఎల్లవ్వ తలమీద పెట్టింది. బియ్యం తీసుకునేదాకా ఎల్లవ్వ దాన్ని తియ్యలేదు.

పొద్దు వాలాక ఆమె గస్తీ మొదలయ్యేది. గస్తీ అనే అనేది తను కూడా. ముందు తలుపులోంచి బయలుదేరి పై వాడ చివరిదాకా నడిచి, మలుపు తిరిగి కింది వాడలోంచి వచ్చి వెనక తలుపున ఇల్లు చేరేది. దారికి ఒక పక్కగా నడిచేది కాదు, నట్టనడుమ నడిచేది. రెండు చేతులూ ఎప్పుడూ కనబడేట్టు ఉంచుకునేది, అరచేతులు కాస్త ముందుకు తిప్పి. ఎదుటివాడికి మన చేతులు కనబడితే సగం భయం పోతుందని నేర్పారట. పిల్లలు ఆమె వెనక అరచేతులు చూపిస్తూ వరసగా నడిచేవాళ్లు. ఎవరింట్లోనైనా చాయ్ ఇస్తే తాగేది. తాగిందంటే సరాసరి రెండో వాడకు పోయి అక్కడ కూడా ఒకరింట్లో అడిగి మరీ తాగేది. షుగర్ ఉంది కాబట్టి చక్కెర లేని చాయ్. "ఒగ దిక్కే తాగితె మనం ఒగ పార్టి అయితం," అనేది. పండుగలప్పుడు రెండు వాడల మర్యాదలూ సమానం చేయలేక కడుపు పట్టుకుని కూర్చున్న రోజులున్నాయి.

మరో అలవాటు. మనిషి కనబడితే ఎట్లున్నవని అడిగేది కాదు. "నీళ్లొచ్చినయా?" అనేది. నల్లా దగ్గర కనిపించినా అదే, పెళ్లిలో కనిపించినా అదే. ఒకసారి మా మరిది విసుక్కుని, "గీమెకు నల్లా డ్యూటి ఏసిండ్రా ఏంది?" అన్నాడు కూడా.

ఆ ప్రశ్న వెనక సంగతి నాకు ఒక మధ్యాహ్నం తెలిసింది. నేను సాంచాకు నూలు కండెలు చుడుతున్నాను. ఆమె పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. ఎందుకలా అడుగుతావని అడిగాను.

"అక్కడ మేం ఒగ గేటుకాడ నిలబడుదుము," అన్నది. "గా గేటు ముందట్నించే ఆడోళ్లు నీళ్లకు పోవాలె. మేం పోయిన కొత్తల పొద్దుగాల్నే గుంపులు గుంపులు వచ్చి, ఎవలో తరిమినట్టు ఉరుకుతుండె. పొద్దు వాలితె ఒక్కతి గూడ రాకపోయేది. సిపాయిలంటె గంత భయం. వాళ్లు సూసిన సిపాయిలంత మగోళ్లు, ఏమేం సూసిండ్రో వాళ్లకే తెల్సు. మమ్ముల గూడ నమ్మలే. ఒగ ముసలామె దగ్గరికొచ్చి నా జడ పట్టి గుంజింది."

"ఎందుకు?"

"నిజంగ ఆడిదాన్నేనా అని! నేను కెవ్వుమన్న. అందరు ఒక్కటే నవ్వుడు. గా దినం సంది జర దగ్గరికి రావట్టిండ్రు. మెల్లమెల్లగ సందెల గూడ నీళ్లకు రావట్టిండ్రు. నెత్తిమీద బిందెలు, నోట్ల పాటలు. నేను ఒక్కసారన్న తుపాకి పేల్చలే పిల్లా. నిలబడ్డ, గంతే. వాళ్లు నీళ్లకు వచ్చిండ్రు, పోయిండ్రు. గదే నా డ్యూటి."

చెప్పి లేచి, చీర దులుపుకుని, కింది వాడకు వెళ్లిపోయింది. మా ఇంట్లో చాయ్ తాగింది కదా, రెండోది తాగాలి.

మా ఇంటి కథ ఇక్కడ చెప్పాలి. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడే మమ్మల్ని కన్న మా అవ్వ పోయింది. సాంచా దగ్గర కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించింది బాపు అయితే, తల దువ్వి అన్నం పెట్టి పెంచింది మా అక్క. దాన్ని కింది వాడలో ఇచ్చారు. తర్వాత నన్ను పై వాడకు తెచ్చుకుంది కూడా అదే, సంబంధం తనే చూసి. నా బిడ్డ పుడితే మొదటి స్నానం పోసింది అదే. రోజుకొకసారైనా మేం ఒకరి మొఖం ఒకరం చూసుకోకుండా ఉన్నది లేదు.

నా బిడ్డ పెళ్లి కుదిరిన ఏడు, సద్దుల బతుకమ్మ నాడు, బడి ముందరి జాగలో రెండు వాడలవాళ్లూ రెండు డీజే పెట్టెలు ఎదురెదురుగా పెట్టారు. ఎవరి మోత ఎక్కువో చూసుకోవాలని మగవాళ్లకు పట్టుదల. మా ఆడవాళ్ల పాట మాకే వినబడలేదు. బతుకమ్మల చుట్టూ చప్పట్లు కొడుతూ ఊరికే తిరుగుతున్నాం. ఇంతలో ఎవరో ఎవరిదో వైరు పీకారు. అరుపులు, తోపులాట, ఒక కుర్చీ గాలిలోకి లేచింది. అది మా అక్క భర్త, మా బావ తలమీద పడింది. కుట్లు పడ్డాయి. విసిరింది మా మరిదే అన్నారు కింది వాడవాళ్లు. కాదు అన్నాడు మా మరిది. ఎవరు విసిరారో ఇప్పటికీ తెలియదు. రెండు వాడల నుంచీ కొందరిని స్టేషన్‌కు తీసుకుపోయారు.

మరునాడు అక్క మా ఇంటి ముందుకొచ్చి, లోపలికి రాకుండా, అందరూ వినేట్టు అన్నది: "నీ మరిది నా పెనిమిటి నెత్తి పగులగొట్టిండు. ఇగ ఈ జన్మల నీ గడప తొక్క!"

ఆ తర్వాత రెండు వాడల ఆడవాళ్లకు మాటలు లేవు. నీళ్ల దగ్గర ఒకరు వస్తే ఒకరు పక్కకు జరిగేవాళ్లు. నా బిడ్డకు మాఘమాసంలో పెళ్లి కుదిరి ఉంది. పెద్దమ్మ లేకుండా నా బిడ్డ పెళ్లి ఎట్లా జరుగుతుంది? దేవుడి దగ్గర కూర్చుంటే మంత్రం నోట్లోకి వచ్చేది కాదు, ఆ ఒక్క మాటే వచ్చేది. అక్కను పంపు స్వామీ అని.

పోలీసమ్మ గస్తీ మానలేదు. చాయ్‌లు మానలేదు. ఒక ఆదివారం టెంటు హౌసు నుంచి కుర్చీలు తెప్పించి తన ఇంటి పక్క మలుపులో వేయించింది. మగవాళ్లను పిలవలేదు. "లొల్లి జేసిందేమో వాళ్లు, నోర్లు కట్టుకున్నదేమో మీరు. కట్టు ఇప్పేది గూడ మీరే," అన్నది. పై వాడ ఆడవాళ్లు ఇటు, కింది వాడవాళ్లు అటు, ఎదురెదురుగా. నడుమ ఒక బల్ల, నీళ్ల సీసాలు. ఆమె టోపీ పెట్టుకుని, మెడలో ఈల వేసుకుని నిలబడింది.

"ఒక్కొక్కలు మాట్లాడాలె. ఒగలు మాట్లాడంగ కడుమోళ్లు ఇనాలె. మనసుల ఉన్నదంత చెప్పుండ్రి," అన్నది.

మనసులో ఉన్నదంతా చెప్పమన్నది కదా, కింది వాడ రాజవ్వ ముందుగా లేచి తన పెళ్లి నాటి నుంచి మొదలుపెట్టింది. రాజవ్వకు మనవరాళ్లున్నారు. "నా లగ్గంల గీ పై వాడోళ్లు మా పుట్టింటోళ్లకు ఆఖరి బంతిల పప్పునీళ్లు పోసిండ్రు!"

"ఆఖరికి వచ్చిన్నాడు ఆఖరి బంతే ఉంటది. మొదటి బంతి మూతగట్టి దాస్తరా?" అన్నది మా అత్తమ్మ.

అంతే. కుర్చీలన్నీ ఒక్కసారి లేచాయి. డీజే లేదు కానీ మోత బతుకమ్మ నాటికి తక్కువేమీ కాదు. పోలీసమ్మ గట్టిగా ఈల ఊదింది. పీచుమిఠాయి బండి వచ్చిందనుకుని రెండు వాడల పిల్లలూ పరుగెత్తుకొచ్చారు. ఈ గోలలో మా అక్క తన కుర్చీని తిప్పుకుని, నాకు వీపు పెట్టి కూర్చుంది. అరిచినా బాగుండేది.

అందరూ పోయాక కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ పోలీసమ్మ తనలో తనే నవ్వుకుంటోంది. "శాంతి దళంల నాకు నేర్పినోళ్లు మంచిగనే నేర్పిండ్రు పిల్లా. మన ఆడోళ్లనే సూడలే వాళ్లు," అన్నది. తర్వాత నవ్వాపి, "ఎదురెదురుగ కూసోబెట్టుడే తప్పయింది. మొఖం కనబడితె కోపం యాదికొస్తది," అన్నది.

"మరెట్లా?" అన్నాను.

"ముందుగాల గీ కుర్చీలు లెక్కవెట్టు, టెంటోడు వస్తడు," అన్నది.

పెళ్లి దగ్గర పడింది. మా దిక్కు పెళ్లంటే ముందు సకినాల పిండివంట. తడిబియ్యం గిర్నీ పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు వేసి పిండి కలిపితే, వాడలోని ఆడవాళ్లు ఎవరి పీట వాళ్లే తెచ్చుకుని వస్తారు. పరిచిన పాత ధోవతి చుట్టూ కూర్చుని, వేళ్లతో పిండిని మెలిపెడుతూ చుట్ల మీద చుట్లు వేస్తారు. ఆ పిండి పొద్దుటికి పులుస్తుంది, ఆ రోజుదారోజే చుట్టేయాలి. అందుకే ఎన్ని చేతులున్నా చాలవు. అన్నిటికంటే పెద్ద పని వియ్యపురాలికి పంపే పెద్ద సకినం. చాటంత ఉండాలి, చుట్టు ఎక్కడా తెగకూడదు. మా ఇళ్లలో ఎవరి పెళ్లైనా అది మా అక్క చేతే చేసేది. ఆరాక దాన్ని గుడ్డ మీంచి ఎత్తి నూనెలో వదలడం ఒక్క మనిషి వల్ల కాదు. రెండు వైపులా రెండు రేకు పళ్లాలు దూర్చి ఇద్దరు ఒక్క ఊపిరితో ఎత్తాలి. ఒక వైపు అక్క, ఒక వైపు నేను. నా చిన్నప్పటి నుంచీ అంతే.

ఈసారి సగం పీటలే వచ్చాయి. కింది వాడ నుంచి ఎవరూ రాలేదు. పిండి గంగాళం మాత్రం నిండుగా అట్లాగే ఉంది. పోలీసమ్మ వచ్చి గడపలో నిలబడి అంతా చూసింది.

"నాకు ఒగ గిన్నెడు పిండి ఇయ్యి. ఇంట్ల కూసోని చేస్త," అన్నది.

"నీకు చెయ్యొస్తదా?"

"రాక? పెద్దది గూడ నేనే చేస్త. పెద్ద పెద్ద ముండ్ల తీగల సుట్టలు సుట్టి దారులకు అడ్డంగ ఏసిన దాన్ని, గీ పిండి సుట్టుడెంత?"

అందరం నవ్వాం. ఆమె గిన్నె చంకన పెట్టుకుని వెళ్లింది. పోలీసులో చిన్నప్పుడే చేరి క్యాంపుల్లో వండినది తిని బతికిన మనిషి, సకినం చుట్టడం ఎప్పుడు నేర్చుకుంది అన్న మాట మాకు తట్టనే లేదు. ఆమెకూ తట్టలేదు.

తర్వాత జరిగింది నేను చూడలేదు. అక్క చెప్పింది. ఇప్పటికీ ఎన్నిసార్లు చెప్పమన్నా చెబుతుంది, ప్రతిసారీ ముందు నవ్వుతుంది.

"తలుపు కొట్టిండ్రని తీస్తె గీమె. సంకల గిన్నె. మొఖానికి పిండి, ముక్కుకు పిండి, టోపికి పిండి. నాకు చెయ్యరాదు బిడ్డా, అన్నది. ఏం చెయ్యరాదు? అన్న. సకినాలు, అన్నది. మీ చెల్లె ముందట పెద్దగ ఒప్పుకొని వచ్చిన, పొద్దటిసంది ఒక్కటి నిలబడలే, పిండి పులుస్తది, నా ఇజ్జత్ పోతది, అన్నది. ఆ ఇంటి పిండి నా ఇంట్లకు తేవద్దు, అన్న. సరే, అని మెట్టు మీద కూసోని, పాత చీర గుడ్డ పరిసి, గక్కడ్నే సుట్టవట్టింది. ఏం సుట్టుడే అది! వానపాము పొర్లినట్టు! ఒగ సుట్టు అటు పోతది, ఒగ సుట్టు ఇటు పోతది. నిలబడి సూసిన, సూసిన. నా శాతగాలే. నా చెల్లె బిడ్డ పెండ్లికి గివా పోయేటియి? 'లే, జరుగు' అన్న."

ఇరుగుపొరుగు తొంగి చూశారు. అక్క చేతులు పిండిలో ఉండడం చూసి రాజవ్వ పీట తెచ్చుకుంది. ఆమె వెనక మరికొందరు. పోలీసమ్మ నడుమ కూర్చుని అందరి చేతా తిట్లు తింటూ చుట్టడం నేర్చుకుంటోంది. ఒకరు వేలు పట్టి తిప్పేవాళ్లు, ఇంకొకరు నెత్తిన మొట్టేవాళ్లు. గిన్నెలో చివరి పిండితో అక్క పెద్ద సకినం మొదలుపెట్టింది. అంత పెద్దది, అంత సన్నటి చుట్టు, అది ముందెన్నడూ చేయలేదట. కోపంలో చేసిందో, ఎందుకు చేసిందో దానికే తెలియాలి.

చేసింది, ఆరింది. ఇక ఎత్తాలి. రాజవ్వ ముందుకొస్తే అక్క వద్దన్నది. ఇంకొకామె వస్తే ఆమెనూ వద్దన్నది. చివరికి ఎవరితోనూ కానట్టు, "దాన్ని పిలువుండ్రి," అన్నది.

పోలీసమ్మ రొప్పుతూ మా ఇంటికొచ్చింది. "నడువు," అన్నది.

"ఎక్కడికి?"

"మీ అక్క ఇంటికి. సకినం ఎత్తాలె."

"అది నా గడప తొక్కనన్నది కదా," అన్నాను.

"అది అన్నది. దాని గడప తొక్కనని నువ్వన్నవా?"

అనలేదు. అన్ని నెలల్లో ఒక్కసారి కూడా నాకు ఆ ఆలోచన రాలేదు. దేవుడి ముందు కూర్చుని అక్కను పంపు, అక్కను పంపు అని అడిగాను కానీ, నన్ను పంపమని అడగలేదు. కొంగు దోపుకుని నడిచాను. రెండు తలుపుల ఇంట్లోంచే తీసుకుపోయింది, ముందు తలుపులోంచి లోపలికి, వెనక తలుపులోంచి బయటికి.

అక్క తల ఎత్తలేదు. "చేతులు కడుక్కో," అన్నది.

కడుక్కుని అటువైపు కూర్చున్నాను. ఇద్దరం పళ్లాలు దూర్చాం. మూకుడులో నూనె కాగుతోంది.

"జర నీ దిక్కు లేపు," అన్నది అక్క. లేపాను. "ఆఁ... ఇప్పుడిడువు."

ఎక్కడా తెగకుండా, చుట్టు చెదరకుండా నూనెలోకి దిగింది. చుట్టూ ఉన్నవాళ్లు ఊపిరి వదిలారు. అక్క ముందే వేగిన చిన్న సకినంలోంచి ముక్క ఒకటి నోట్లో వేసుకుని నమిలి, నా మొఖం చూసి, "ఉప్పు తక్కువేసినవ్," అన్నది.

"చెప్పెటోళ్లు లేకపోతె గట్లనే ఉంటది."

"చెప్తె ఇంటవా నువ్వు?"

అప్పుడొచ్చింది ఇద్దరికీ ఏడుపు. పోలీసమ్మ గోడకానుకుని, పిండి చేతులు మోకాళ్ల మీద తెరిచిపెట్టుకుని కూర్చుంది. "ఏడ్సుడైనంక నాకు ఒగ చాయ్ పెట్టుండ్రి," అన్నది. "జల్ది. పై వాడల ఒగటి తాగాలె మల్ల."

పెళ్లి ఫంక్షన్ హాల్లో జరిగింది. అక్క అందరికంటే ముందు వచ్చింది. గడప తొక్కనన్నవు కదా అని ఎవరో దెప్పితే, "గీ హాలు గడప దాని అత్తగారిదా?" అన్నది. బావా, మా మరిదీ ఆ రోజు మాట్లాడుకోలేదు. కానీ బంతిలో వరసగా కూర్చున్నారు, ఒకరి విస్తరిలో కూర తగ్గితే రెండోవాడు వడ్డించేవాణ్ణి కేకేశాడు. మాటలు రావడానికి ఎండాకాలం దాకా పట్టింది, స్టేషన్లో రాజీ కాగితం మీద ఇద్దరూ పక్కపక్కనే సంతకాలు పెట్టిన రోజు దాకా. అక్క మాత్రం ఒట్టు ఒట్టే అంటుంది. మా ఇంటి ముందు గడప ఇప్పటికీ తొక్కదు. పక్కనే మా సాంచాల షెడ్డు ఉంది. దానికి షట్టరే కానీ గడప లేదు. అందులోంచి వంటింట్లోకి వస్తుంది, రోజూ.

కిందటి నెలలో పోలీసమ్మను దవాఖానలో చేర్చారని తెలిసి, అక్కా నేనూ బస్సెక్కి పోయాం. మంచం మీద చిక్కిపోయి ఉంది కానీ నర్సమ్మతో పరాచికాలు మానలేదు. పక్క మంచమామెకు, ఎదురు మంచమామెకు మేం తెచ్చిన పండ్లు సమానంగా పంచింది. అక్క నీళ్లు తేవడానికి పోయినప్పుడు, ఎన్నాళ్లుగానో నాలో ఉన్న మాట అడిగాను.

"ఆ రోజు సకినం చెయ్యరాకపోతే నా దగ్గరికే తిరిగి వచ్చేదానివి కదా. అంత కోపం మీదున్న ఇంటికి ఎట్లా పోయినవు?"

ఆమె కిటికీ వైపు చూసింది.

"అక్కడ ఒగామె ఉండె. మా గేటుకాడ మక్క కంకులు కాల్చి అమ్ముతుండె. యుద్ధంల ఆమె కొడుకును సంపిండ్రు, పక్క గూడెపోళ్లు. యుద్ధమైతె ఆగింది కని, గీ గూడెపోళ్లు గా దిక్కు పోరు, గాళ్లు ఇటు రారు. ఒగ దినం వానకు ఆమె పొయ్యి ఆరిపోయింది. ఒగ కుండ పెంకు పట్టుకొని లేసింది. యాడికి పోతుందో అని నేను ఎనుక పోయిన, డ్యూటి గద. సక్కగ గా గూడెం పోయింది. మొదటి ఇంటి ముందట నిలబడి పెంకు సాపింది. నిప్పు అడిగింది. ఇంటామె మస్తు సేపు సూసింది. అటెంక లోపలికి పోయి, నిప్పుకలు తెచ్చి పెంకుల పోసింది. ఇద్దరు ఒక్క మాట మాట్లాడలే. మర్నాడు గా ఇంటామె వచ్చి ఈమె కాడ కంకి కొన్నది."

దుప్పటి మోకాళ్ల మీదికి లాక్కుంది.

"మాకు నేర్పినయన్ని మర్సిపోయిన పిల్లా. గదొక్కటి మర్వలే. కోపమున్నోళ్ల ఇంటికి ఇచ్చేటందుకు పోతె మొఖం మీద తలుపేస్తరు. అడిగేటందుకు పోవాలె. నేనేం జేసిన? తుపాకి పట్టుకొని దూరంగ నిలబడ్డ. పని జేసిందామె."

"ఆమె పేరేంది?"

"అడగలే. నాకు వాళ్ల భాష రాదు. అడిగి ఉండాల్సిందని ఇప్పుడు అనిపిస్తది."

అదే ఆమెతో నా ఆఖరి మాట.

మొన్న ఆమెను సాగనంపినప్పుడు రెండు వాడలవాళ్లూ భుజం పట్టారు. ఏ తలుపులోంచి తియ్యాలన్న దగ్గర చిన్న లొల్లి అయింది, అదీ ప్రేమ లొల్లే. ఆమెను తలుచుకోవడానికి మేమున్నాం. ఆమె పేరున రాజన్న గుళ్లో కోడెను కట్టే మొక్కు చెల్లిస్తామని అక్క అప్పుడే అనేసింది.

కాబట్టి ఇది చదువుతున్న మిమ్మల్ని ఆమెకోసం ఏమీ అడగను. నేను అడిగేది ఇంకొకరి కోసం. ఆ దేశమేదో నాకు సరిగా తెలియదు, ఆ తల్లి ఇప్పుడు ఉందో లేదో తెలియదు. కొడుకును పోగొట్టుకుని, వానలో కుండ పెంకు పట్టుకుని, ఆ గూడెం దాకా ఒంటరిగా నడిచి నిప్పు అడిగింది. మా అక్క నాకు మళ్లీ దక్కడం అక్కడ మొదలైందని నా నమ్మకం. పొద్దున మీరు పొయ్యి వెలిగించేటప్పుడు, ఆ కంకులమ్మే తల్లిని ఒక్కసారి తలుచుకోండి.